జమైకా మన ఊరిలాగే ఉంటుంది... చిక్కంతా అక్కడే!

జమైకాకు పనికి పోతున్నానని ఊళ్లో ఎవరితో చెప్పినా ముందు వచ్చే మాట ఒకటే. "అక్కడ కాల్చేస్తారటగా!" వాళ్ల తప్పు లేదు, ఫోన్లో చూసిందే చెప్తారు. ఆ భయంతో ఇక్కడ దిగిన మనవాళ్లు మొదటి నెలంతా డ్యూటీ అయ్యాక గది గడియ పెట్టుకుని కూర్చుంటారు. కూరగాయలకు కూడా నలుగురు కలిసి వెళ్తారు. రెండో నెలకు భయం పోతుంది. పోయాక ఇంటి దగ్గర ఎలా ఉండేవారో ఇక్కడా అలాగే ఉండటం మొదలుపెడతారు. నన్నడిగితే మనవాళ్లకు అసలు ప్రమాదం ఆ రెండో నెల నుంచే.

ఎందుకంటే ఈ దీవి మన ఊరిలాగే ఉంటుంది. కొబ్బరిచెట్లు, చెరకు తోటలు, సీమపనస, మామిడి. ఇక్కడ ఒక మామిడి రకం పేరే 'ఈస్ట్ ఇండియన్'. కలాలూ అని పొద్దున్నే వండుకునే ఆకుకూర మన తోటకూరే. బండ్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. సబీనా పార్కు పేరు తెలియని క్రికెట్ పిచ్చోడు మనలో ఉండడు. మేక మాంసం కూరలో పసుపు వాసన వస్తుంది. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడలో భారతదేశం నుంచి మొదటి కూలీలు ఓల్డ్ హార్బర్ బే రేవులో దిగినప్పటి నుంచి వచ్చిన రుచి అది. ఇవన్నీ చూసి మనసు కుదుటపడుతుంది. కుదుటపడిన మనసు జాగ్రత్త మర్చిపోతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు కింగ్‌స్టన్ దగ్గర ఒక సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. డాక్టర్‌ని కాను. మనుషులతో పని చేయించేవాణ్ని కాబట్టి, వాళ్లు ఎందుకు పడిపోతున్నారో కళ్లతో చూసేవాణ్ని.

తుపాకుల మాట ముందు తేల్చేద్దాం. జమైకాలో హత్యలు ఎక్కువన్నది నిజమే. 2024లో 1,100కు పైగా జరిగాయి. 2025లో బాగా తగ్గి 700 లోపుకు వచ్చాయి. వీటిలో చాలావరకు ముఠా గొడవలు. పని, గది అంటూ తిరిగే మనకు కావాల్సింది మామూలు తెలివి. జీతం రోజు డబ్బు జేబులో పెట్టుకుని తిరగొద్దు. చీకటిపడ్డాక తెలియని పేటల్లోకి వెళ్లొద్దు. ఎవడైనా ఫోన్ లాక్కుంటే ఇచ్చేయండి. పోలీసు నంబరు 119, ఫైరు, అంబులెన్సుకు 110. దీనికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రోడ్డు గురించి మాత్రం కొంచెం చెప్పాలి. మూడు మిలియన్ల జనాభా కూడా లేని దేశంలో కొన్నేళ్లుగా ఏటా 300 మందికి పైగా రోడ్ల మీద చనిపోతున్నారు. ఎడమ వైపు డ్రైవింగే కదా, మనకు అలవాటే కదా అనుకుంటాం. కొండ మలుపుల్లో రూట్ టాక్సీవాడు ఎలా తోలతాడో ఎక్కి చూస్తే గానీ తెలియదు. ఎర్ర నంబరు ప్లేటు ఉన్న టాక్సీయే ఎక్కండి. లైసెన్సు ఉన్న బండికే ఆ ప్లేటు ఉంటుంది. వెనక సీట్లో ఉన్నా బెల్టు పెట్టుకోండి. సైట్ పికప్ వెనకాల ఇనుప ఊచల మీద కూర్చుని వెళ్లడం మన దగ్గర నడుస్తుందేమో, నా సైట్‌లో నేను ఒప్పుకోను.

ఇక అసలు విషయం, జ్వరం.

నేను ఇక్కడికొచ్చాక మనవాళ్లకు ఎక్కువ నష్టం చేసింది దోమే. దోమ మనకు కొత్తా అంటారు. ఆ మాటే కొంప ముంచుతోంది. డెంగీ దోమ రాత్రి కాదు, పగలు కుడుతుంది. పొద్దున్నే, సాయంత్రం ఎండ తగ్గేటప్పుడు మరీ ఎక్కువ. అంటే మనం గదిలో దోమతెర కింద ఉన్నప్పుడు కాదు, సైట్‌లో స్టేజింగ్ మీద ఉన్నప్పుడు. 2023 సెప్టెంబరులో ఈ దేశ ప్రభుత్వం డెంగీ విజృంభించిందని అధికారికంగా ప్రకటించింది. అదేదో ఒక్క ఏడాది వచ్చి పోయేది కాదు, వానలు పడ్డప్పుడల్లా తల ఎత్తుతుంది.

ఆ దోమను పెంచేది ఎవరనుకున్నారు? మనమే. అది మురికి కాలువలో పుట్టదు, శుభ్రమైన నిలవ నీటిలో పుడుతుంది. నిర్మాణం సైట్‌లో అలాంటి నీటికి కొదవా? స్లాబు క్యూరింగ్‌కు మడులు కట్టి నీళ్లు నింపుతాం. లిఫ్టు గుంటలో వాననీరు ఉంటుంది. మూతలేని డ్రమ్ములు, పాత టైర్లు, తిరగేసి పెట్టని గమేళాలు. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు చాలు. మన స్లాబు క్యూరింగ్ కూడా అన్నే రోజులు! దోమకు మనం పురుడు పోస్తున్నట్టే లెక్క. అందుకే మా సైట్‌లో మడులు మానేసి తడి గోనెసంచులు పరిపిస్తున్నాను. ఎక్కడైనా మడి తప్పదనుకుంటే నాలుగో రోజు నీళ్లు పూర్తిగా వదిలి కొత్తవి పెట్టిస్తాను. శనివారం సాయంత్రం అరగంట డ్రమ్ములు బోర్లించే పని. దీనికి ఖర్చేం లేదు, సూపర్‌వైజర్ చెప్పాలి అంతే. చెప్పని సూపర్‌వైజర్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కాంక్రీటు క్యూబ్ టెస్టు మీద ఉన్న శ్రద్ధ, మనిషి మీద లేదు.

దోమ కుట్టడం వరకైతే మన చేతిలో లేదనుకుందాం. ఆ తర్వాత చేసే పని ఉంది చూశారూ, అది పూర్తిగా మన చేతిలోదే. మన సామాను విప్పితే పచ్చడి సీసా పక్కన ఏముంటుంది? నొప్పి బిళ్లలు. ఊళ్లో మెడికల్ షాపువాడు అట్టపెట్టెలు ఇచ్చి పంపిస్తాడు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు. ఒళ్లు నొప్పులు అనగానే ఒకటి వేసుకుని పనిలోకి దిగుతాం. మామూలు ఒళ్లునొప్పులకైతే ఏదో గడిచిపోతుంది. అది డెంగీ అయితే ఆ బిళ్లలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. యాస్పిరిన్ కూడా అంతే. డెంగీ అని అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి వేసుకోవాల్సింది ఒట్టి పారాసిటమాల్. 650 బిళ్ల ఆరు గంటలకు ఒకటి, అదీ ఆ రోజుల్లో మందు తాగకుండా. ఇక్కడి షాపుల్లో పనడాల్ అని అడిగితే ఇస్తారు, డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉన్నా అదే మందు. కాంబిఫ్లామ్ లాంటివి పారాసిటమాలే కదా అనుకోకండి, అందులో ఇబుప్రోఫెన్ కూడా ఉంది.

మా దగ్గర ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు, మా జిల్లా కుర్రాడే. మూడు రోజులు జ్వరంతో పనిచేశాడు. కళ్లు ఎర్రబడ్డాయేంట్రా అని అడిగితే "ఏటీ అవదన్నయ్యా, ఒట్టి ఒళ్లునొప్పులే" అన్నాడు. నాలుగో రోజు జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాడు. నిజానికి డెంగీలో జ్వరం తగ్గే సమయమే గండం. ఆ రోజు మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు, బ్రష్ చేసుకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. బతికాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, సెలవు పెడితే ఆ రోజు జీతం కోస్తారని. ఇంటికి పంపే డబ్బులో లెక్క తప్పుతుందని. తొమ్మిది రోజుల జీతం పోయింది, ఆస్పత్రి బిల్లులో సగం అతని మీదే వేసింది అప్పుడు మేం చేస్తున్న కంపెనీ.

ఈ సంగతిలో ఆ కుర్రాణ్ని తిట్టేవాళ్లు చాలామంది కనిపిస్తారు. 'మనవాళ్లకు ఆరోగ్యం మీద అవగాహన లేదు' అని మీటింగుల్లో చెప్పడం తేలిక. ఒక్క రోజు జ్వరానికి జీతం కోసే చోట మనిషి జ్వరాన్ని దాచకుండా ఏం చేస్తాడు? అవగాహన పోస్టర్లు గోడకు అంటించి, హాజరు పుస్తకంలో మాత్రం కోత పెడితే మనిషి పోస్టర్‌ని చూడడు, పుస్తకాన్నే చూస్తాడు. నేనైతే మేనేజర్‌తో గొడవపడి ఒక పద్ధతి పెట్టించాను. జ్వరం వచ్చిన మనిషి పొద్దున్నే చెప్తే ఆ రోజు, మర్నాడు కోత లేదు. రక్తపరీక్ష కంపెనీ ఖర్చు. మొదట్లో 'అందరూ జ్వరమే అంటారు' అని నవ్వారు. ఎవరూ అలా అనలేదు. డబ్బుకోసం సముద్రాలు దాటి వచ్చినవాడు ఊరికే మంచమెక్కుతాడా?

అసలు ఇది కంపెనీ దయ కూడా కాదు. ఇక్కడి చట్టం ప్రకారం 110 రోజులు పనిచేసినవాడికి, మొదటి ఏడాదిలో ప్రతి 22 పనిదినాలకు ఒకటి చొప్పున జీతంతో సిక్ లీవు వస్తుంది. జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ స్కీమ్ కింద కోస్తారు కదా, పనిలో దెబ్బ తగిలితే అందులోంచి పరిహారం అడగొచ్చు. పేస్లిప్పులో ఎన్ఐఎస్ అని కోత ఉందో లేదో చూసుకోండి. చాలామంది జీతం అంకె చూసి మడిచి పెట్టేస్తారు.

నొప్పి బిళ్లల గురించి ఇంకో మాట. మా ఉద్దానంలో పుట్టినవాడు ఈ మాట చెప్పకుండా ఉండలేడు. మా ఊళ్లలో కిడ్నీలు పాడై మంచానపడ్డ మనుషులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఇక్కడికి పడమరగా ఉన్న మధ్య అమెరికాలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లోనూ అలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎండలో, నీళ్లు చాలక చేసే చాకిరీ మీదే ఎక్కువ అనుమానం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయని మాత్రం ఏ డాక్టరైనా చెప్తాడు. ఎండ, చెమట, సాయంత్రం మందు, రాత్రి నొప్పి బిళ్ల. మన మేస్త్రీల దినచర్య ఇదే!

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి ఎండను లెక్కచేయరు. అక్కడ 45, 48 డిగ్రీలు చూసినవాడికి ఇక్కడి 32 ఒక ఎండలా కనిపించదు. కానీ గాలిలో తేమ ఎక్కువ, పైగా సముద్రపు గాలి ఎప్పుడూ వీస్తూ ఉంటుంది కాబట్టి ఎంత చెమట పోయిందో తెలియదు. గల్ఫ్‌లోలాగా ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపించే ఏర్పాటు నేను ఇక్కడి సైట్లలో చూడలేదు. మనమే చూసుకోవాలి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఇరవై నిమిషాలకో గ్లాసు మంచినీళ్లు తాగండి. మూత్రం పసుపుపచ్చగా చిక్కబడితే నీళ్లు చాలలేదని అర్థం. ఎనర్జీ డ్రింకులు, సోడాలు నీళ్లతో సమానం కావు. ఓఆర్ఎస్ పొట్లాలు షాపులో దొరుకుతాయి, కొబ్బరిబొండాలు రోడ్డు పక్కనే కొడతారు. ఉద్దానంవాడికి కొబ్బరినీళ్లు కొనుక్కు తాగాలంటే మనసొప్పదు, అది వేరే సంగతి.

జమైకాను మన ఊరితో పోల్చుకోవడంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు తుపాను దగ్గర జరుగుతుంది. మేం తిత్లీ చూసినవాళ్లం. 2018 అక్టోబరు 11న మా కొబ్బరి తోటలు, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. దాంతో హరికేన్ అంటే మన తుపానే కదా అనే ధీమా. తిత్లీ గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. 2025 అక్టోబరు 28న ఈ దీవి పడమటి వైపు న్యూ హోప్ దగ్గర తీరం దాటిన మెలిస్సా గాలి సుమారు 295. దాదాపు రెట్టింపు. సివిల్ చదివినవాళ్లకు తెలుసు, గాలి వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. బ్లాక్ రివర్ పట్టణం ఏమైపోయిందో ఫొటోల్లో చూసే ఉంటారు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే రోజు మన దగ్గర మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటింది. రెండు చోట్లకీ గడియారంలో పదిన్నర గంటల తేడా. ఇక్కడ పట్టపగలు మెలిస్సా, అక్కడ అదే సమయానికి రాత్రి మొంథా. ఇంటికి ఫోన్ చేసి నేను జాగ్రత్త అంటున్నాను, వాళ్లు నాకు జాగ్రత్త అంటున్నారు.

మేం కింగ్‌స్టన్ వైపు ఉన్నాం కాబట్టి గండం తప్పింది. పడమటి జిల్లాల్లో ఉండి ఉంటే మా క్యాంపు రేకుల గదులు నిలిచేవి కావు. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆ ఆరు నెలల కోసం మీరు క్యాంపు బాసును ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే, గాలి వస్తే మమ్మల్ని ఏ కాంక్రీటు భవనంలోకి తీసుకెళ్తారు? కంటైనర్ గది, ప్లైవుడ్ గది సమాధానం కాదు. జవాబు లేకపోతే ఓడీపీఈఎం అనే ఇక్కడి విపత్తుల శాఖ గుర్తించిన షెల్టర్ మీ దగ్గర్లో ఏదో కనుక్కుని పెట్టుకోండి. పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒంటి మీదే ఉంచుకోండి.

తుపాను వెళ్లాక మన పని మొదలవుతుంది. ఎగిరిపోయిన కప్పులు వేయాలి, గోడలు కట్టాలి. పనులకు మనుషులు కావాలి కాబట్టి ఇంకా కొత్తవాళ్లు వస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. గాలి చంపని మనుషుల్ని ఆ తర్వాతి నెల చంపుతుంది. మెలిస్సా వెళ్లిన కొద్ది వారాలకే, నవంబరులో, ఇక్కడి ఆరోగ్య శాఖ లెప్టోస్పైరోసిస్ ప్రబలిందని ప్రకటించింది. మన వైపు ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటిలో, కాలి పగుళ్లతో, చేతి గాయాలతో దిగితే వస్తుంది. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు మనవి. ఇక్కడ బురదలోకి గమ్ బూట్లు లేకుండా దిగమని చెప్పండి. జ్వరం, పిక్కల్లో తీపు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌తో ముందే చెప్పాల్సిన మాట: 'నేను వరదనీటిలో పనిచేశాను.' ఆ ఒక్క ముక్క ఆయనకు దారి చూపిస్తుంది. తుప్పు పట్టిన రేకులు, మేకులు గుచ్చుకుంటే ధనుర్వాతం. కరెంటు లేక గదిలో జనరేటర్ పెట్టుకుని తలుపులేసుకుంటే ఆ పొగ నిద్రలోనే చంపేస్తుంది. ఇక్కడ కరెంటు 110 వోల్టులే కదా అని తడి నేల మీద తెగిన వైరు పట్టుకునేవాణ్ని కూడా చూశాను. 110 కూడా మనిషికి ఎక్కువే.

వానలోనే ఇంకో తమాషా ఉంది. మనకు గల్లీ అంటే సందు. ఇక్కడ గల్లీ అంటే వరదనీరు పోయే పెద్ద కాంక్రీటు కాలువ. ఎండ రోజుల్లో ఎండిపోయి అడ్డదారిలా కనిపిస్తుంది. కొండ మీద వాన పడితే కింద మనకు చినుకు పడకపోయినా నిమిషాల్లో నిండిపోతుంది. అడ్డదారి అని దిగొద్దు.

ఆదివారం గురించి రెండు మాటలు. సముద్రం పక్కన పుట్టినా మనలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డుకు ఎదురీదకుండా పక్కకు ఈదాలి, అది కూడా ఈత వచ్చినవాడికే. ఇక్కడి ఓవర్‌ప్రూఫ్ రమ్ము 63 శాతం. మన దగ్గర విస్కీ 42.8. అదే గ్లాసు లెక్కతో తాగి నీళ్లలో దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అకీ అని ఇక్కడి జాతీయ ఫలం ఒకటుంది. దూరం నుంచి జీడిమామిడి పండులా ఎర్రగా ఊరిస్తుంది. చెట్టు మీదే దానంతట అది విచ్చుకోని కాయ విషం. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లిచీ పళ్లు తిన్న పిల్లల ప్రాణాలు తీసిందని పరిశోధకులు తేల్చిన విషమే ఇందులోనూ ఉంది. తెలిసినవాళ్లు వండితే తినండి, కోసుకుని తినకండి. ఇక గంజాయి. ఇక్కడివాళ్లు దాన్ని గంజా అనే అంటారు, మాట మన దేశం నుంచి వచ్చిందే. 2015 నుంచి రెండు ఔన్సుల లోపు దగ్గరుంటే క్రిమినల్ కేసు లేదు, జరిమానాతో సరిపోతుంది. అందుకని ఎవరైనా సరదాగా బ్యాగులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్తే అక్కడా జైలే, ఇంటి దగ్గరా జైలే.

చివరగా బీమా సంగతి. గల్ఫ్‌కు వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఆ ఈసీఆర్ దేశాల జాబితాలో జమైకా లేదు. అందుకే ఇక్కడికొచ్చేవాణ్ని ఎమిగ్రేషన్‌లో ఎవరూ ఆపరు. బీమా ఉందా అని కూడా ఎవరూ అడగరు. ఇది మంచి సంగతిలా కనిపించే చెడ్డ సంగతి. కూలివాడు గల్ఫ్‌లో పడ్డా కూలివాడే, కరీబియన్‌లో పడ్డా కూలివాడే. దేశం పేరును బట్టి కాకుండా చేసే పనిని బట్టి బీమా తప్పనిసరి చేయాలని మన ఎంపీలు అడగాలి. అప్పటిదాకా ఎవరికి వాళ్లు బయల్దేరే ముందే పాలసీ తీసుకోవాలి. అందులో ఆస్పత్రి ఖర్చు ఉందో, ఒట్టి ప్రమాద మరణమేనో చదివించుకోవాలి.

కింగ్‌స్టన్‌లో మన హైకమిషన్ ఉంది. దిగిన వారంలోనే పేరు నమోదు చేయించుకోండి. ఆపదలో ఉన్నవాళ్లకు, మృతదేహం ఇంటికి పంపడానికి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఎంబసీల దగ్గర ఒక నిధి ఉంటుంది. అడిగితేనే తెలుస్తుంది.

ఏజెంటు 'మెడికల్ అంతా కంపెనీదే' అంటే ఆ 'అంతా' అన్న మాటను కాగితం మీద పెట్టించండి. జ్వరం రోజు జీతం ఉందా, రక్తపరీక్ష ఎవరి ఖర్చు, ఆస్పత్రిలో చేరితే బిల్లు ఎవరిది అనే మూడూ రాతపూర్వకంగా ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టర్ చీటీతో సహా మూడు నెలల మందులు తెచ్చుకోండి. ధనుర్వాతం టీకా ఊళ్లోనే వేయించుకుని రండి. మెడికల్ షాపువాడు ఇచ్చిన నొప్పి బిళ్లల అట్టలు మాత్రం వాడికే తిరిగిచ్చేసి, ఆ చోటులో ఇంకో పచ్చడి డబ్బా సర్దుకోండి.